లాంగ్ రైడ్ సామాను: ఏది పనికొచ్చింది, ఏది అటకెక్కింది

లాంగ్ రైడ్‌కి ముందు ఏమేం కొనాలని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇంతే: వెనక టైరు అరిగి ఉంటే మార్చండి, పంచర్ కిట్ ఒకటి తీసుకోండి, మిగతా డబ్బులు పెట్రోలుకి ఉంచుకోండి. మాది అనంతపురం. కొన్నేళ్లుగా ఒకే 150 సీసీ బండి మీద హంపి, ఊటీ, రామేశ్వరం దాకా తిరుగుతున్నా. చాలాసార్లు వెనక మా ఆవిడ కూడా ఉంటుంది. ఈ మధ్యలో నేను కొనని సామాను లేదు. అందులో సగం ఇప్పుడు అటక మీద ఉంది. బండి పేరు చెప్పడం లేదు. ఇక్కడ రాసేది రోజూ ఆఫీసుకి పోయే ఏ మామూలు బండికైనా సరిపోతుంది.

ముందు సర్వీసింగ్ సంగతి. రేపు బయల్దేరాలంటే ఇవాళ బండిని షెడ్డులో పెట్టేవాళ్లు చాలామంది. అది బొత్తిగా పనికిరాని పద్ధతి. విప్పి బిగించిన బండిలో ఎక్కడో ఒకచోట లొసుగు ఉండనే ఉంటుంది, అది బయటపడాలంటే కాస్త దూరం నడవాలి. వారం పది రోజుల ముందే ఆయిల్, ఎయిర్ ఫిల్టర్, బ్రేక్ షూలు అన్నీ చేయించేసి, ఆదివారం పొద్దున్నే గుత్తి దాకా పోయి టిఫిన్ తిని వస్తా. పోనూ రానూ ఇంచుమించు వంద కిలోమీటర్లు. ఒకసారి ఇలాగే వెళ్లొచ్చి స్టాండు వేసి చూస్తే ఇంజను కింద డ్రెయిన్ బోల్టు చుట్టూ నూనె తడి. ఆయిల్ మార్చినప్పుడు కొత్త వాషరు వెయ్యకుండా పాతదే బిగించి పంపారు. ఇంటి దగ్గర తెలిసింది కాబట్టి చిల్లర డబ్బులతో పోయింది. అదే సేలం దగ్గర తెలిస్తే ఇంజనుకే ఎసరు. కొత్త టైరుదీ ఇదే లెక్క. మొదటి వంద కిలోమీటర్లు పైపొర నున్నగా ఉండి మలుపులో జారుతుంది. కొత్త బ్రేక్ షూలు కూడా డ్రమ్ములో కుదురుకునేదాకా సరిగ్గా పట్టవు.

చైను విషయంలో మా మెకానిక్ మాట వేదం. "ఖాళీ బండి మీద టైట్ పెట్టుకుంటే ఎట్లన్నా? ఇద్దురు కూర్చుని బ్యాగులేసినాక అది ఇంకా బిగుసుకుంటాది, బేరింగు పోతాది" అంటాడు. నిజమే. వెనక షాక్ అబ్జార్బర్లు దిగినప్పుడు చైను మీద లాగుడు పెరుగుతుంది. అందుకే సామాను కట్టేసి, మనిషిని కూర్చోబెట్టి, అప్పుడు చైను మధ్యలో వేలితో ఎత్తి చూస్తా. ఆడాల్సిన కొలత బండి పుస్తకంలో ఉంటుంది, మా బండికి 25 నుంచి 30 మిల్లీమీటర్లు. ఇక చైను స్ప్రేలు. రకరకాలవి వాడి చూశా. బాగానే పనిచేస్తాయి, కానీ ఏ స్ప్రే అయినా 500 కిలోమీటర్లకి మళ్లీ కొట్టాల్సిందే. దానికంటే 90 నంబరు గేర్ ఆయిల్‌ని పాత టూత్ బ్రష్‌తో రాసి, రాత్రంతా ఉంచి, పొద్దున గుడ్డతో తుడిస్తే చవకలో అదే పని అవుతుంది. తుడవకపోతే మాత్రం రిమ్ము, ప్యాంటు రెండూ నల్లగా అయిపోతాయి. మన దుమ్ములో గ్రీసు జోలికి అసలు పోకండి. ఇసుకంతా దానికే అంటుకుని చైనునీ స్ప్రాకెట్‌నీ కలిపి అరగదీస్తుంది.

గాలి. ఇద్దరికీ సామానుకీ కలిపి వెనక ఎంత పెట్టాలో చైన్ కవరు మీద స్టిక్కరులోనే ఉంటుంది. మా బండికి ఒక్కరైతే 28 పీఎస్‌ఐ, ఇద్దరైతే 32. ఆ లెక్క చల్లటి టైరుకి. ఏప్రిల్ ఎండలో గంటసేపు నడిపి బంకులో చూపిస్తే 3, 4 పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది, అక్కడి కుర్రాడు ఎక్కువుందని తీసేస్తాడు. చల్లారాక చూస్తే తక్కువ ఉంటుంది, బండి మలుపుల్లో ఊగుతుంది. పెన్ను లాంటి చిన్న గేజి కొనుక్కుని పొద్దున ఇంటి దగ్గరే చూసుకోవడం మేలు. నేను కొన్నవాటిలో అన్నిటికంటే చిన్నది, ఎక్కువసార్లు వాడింది అదే.

పంచర్ కిట్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. తాడిపత్రి రోడ్డు తెలిసినవాళ్లకి తెలుసు, బండలు మోసే లారీల వెనక ఏమేం రాలి పడుతుంటాయో. అక్కడే వెనక టైరులో మేకు దిగింది. దగ్గర్లో ఊరు లేదు. ట్యూబ్‌లెస్ టైరు కాబట్టి గాలి మెల్లగా పోయింది, నీడ దొరికేదాకా నడపగలిగా. మేకు ఎటు వాలి దిగిందో చూసుకుని, అదే వాలులో ప్లాసుతో లాగాలి. తరవాత రంపం పళ్లున్న పొడవాటి పోటును ఆ కంతలోకే దించి నాలుగైదుసార్లు ఆడించాలి. బాగా బలం పెట్టాలి, చేతికి గ్లౌజు లేకపోతే అరచెయ్యి బొబ్బలెక్కుతుంది. జిగురు రాసిన రబ్బరు పట్టీని సూది కన్నంలో సగానికి ఎక్కించి లోపలికి గుచ్చి, రెండు కొసలూ కొంచెం బయట ఉండగానే సూదిని ఒక్క ఊపున లాగెయ్యాలి. నెమ్మదిగా లాగితే పట్టీ కూడా వెంట వచ్చేస్తుంది. మిగిలిన కొసలు బ్లేడుతో కోసి, గాలి కొట్టి, ఉమ్మి రాసి బుడగలు రావడం లేదని చూసుకుంటే పని అయినట్టే. ఆ పట్టీతోనే కడప చేరి, మర్నాడు తిరిగి వచ్చా. కిట్ కొన్నవాళ్లు ఇంట్లో ఉన్న పాత టైరు మీద ఒకసారి గుచ్చి చూసుకుంటే రోడ్డు మీద చెయ్యి తడబడదు. రెండు జాగ్రత్తలు. పట్టీలు మన ఎండకి ఏడాదిలో ఎండి గట్టిపడతాయి, జిగురు ట్యూబు ఒకసారి తెరిస్తే లోపలే ఎండిపోతుంది. రెండూ ఏటా మార్చాలి. టైరు పక్క గోడలో దిగితే మాత్రం ఈ కిట్‌తో కాదు, టైరే మార్చాలి.

ఇక గాలి పంపు. ఛార్జింగ్‌తో నడిచే చిన్న ఎలక్ట్రిక్ పంపు చూడముచ్చటగా ఉంటుంది. మిట్టమధ్యాహ్నం సగం గాలి కొట్టి వేడెక్కి ఆగిపోయింది, చల్లారేదాకా చెట్టు కింద కూర్చున్నాం. అది అటకెక్కింది. ఇప్పుడు సైడ్ బ్యాగులో ఉన్నది కాలితో తొక్కే పంపు. ఆయాసం వస్తుంది, పని మాత్రం అవుతుంది.

విడి సామాన్లలో నేను ఖచ్చితంగా పెట్టుకునేవి: క్లచ్ కేబులు, ఒక స్పార్క్ ప్లగ్గు, రెండు ఫ్యూజులు, చైను తెగితే కలిపే లింకు లాకు. క్లచ్ కేబులు బ్యాగులో కాకుండా పాత కేబులు పక్కనే తొడిగించి టేపు వేసి ఉంచితే, తెగినప్పుడు ట్యాంకు విప్పే పని లేకుండా రెండు కొసలు తగిలించి పోవచ్చు. ఇది మెకానిక్ చేత ముందే చేయించుకోండి.

సామాను కట్టడంలో అందరూ టాప్ బాక్సు వైపే చూస్తారు. ఊళ్లో కూరగాయలకి అది బంగారం. హైవే మీద మాత్రం నాకు నచ్చలేదు. మా అనంతపురం వైపు గాలి సంగతి ఇక్కడి గాలిమరల్ని చూస్తేనే అర్థమవుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా పక్కగాలి బండిని తోసేస్తుంటుంది. బరువు ఎత్తులో, అదీ వెనక చక్రానికి అవతల ఉంటే హ్యాండిలు తేలిపోతుంది. పెనుకొండ దగ్గర కార్లు మోసే పొడవాటి కంటైనర్లు పక్కనుంచి పోయినప్పుడు ఇది బాగా తెలుస్తుంది. సీటుకి రెండు వైపులా వేలాడే శాడిల్ బ్యాగులకి మారాక ఆ టెన్షన్ పోయింది. సైలెన్సర్ వైపు బ్యాగు కింద రేకు అడ్డం పెట్టించండి, లేకపోతే మాడిపోతుంది. కట్టడానికి కొక్కేల తాళ్లు వద్దు. సాగి వదులవుతాయి, కొక్కెం ఊడితే చక్రంలో పడుతుంది. పంచర్ షాపులో పాత సైకిల్ ట్యూబు పొడుగ్గా కోసి ఇస్తారు. దాన్ని మించిన తాడు నేను చూడలేదు. ఎంత గుంతలో పడ్డా వదలదు.

వానల్లో కోయిలకుంట్ల, జమ్మలమడుగు వైపు పోయేవాళ్లకి ఒక మాట. రోడ్డు పని జరుగుతోందని పక్క మట్టిదారిలోకి మళ్లిస్తే, నల్లరేగడి మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య నిండిపోయి చక్రం తిరగడమే మానేస్తుంది. దానికి ఏ సామానూ పనికిరాదు. వేపకొమ్మ విరిచి గీరుకోవడమే. వీలైతే తారు మీదే ఆగి, దారి మార్చుకోండి.

ఘాట్ దిగడానికి సిద్ధమవ్వాలంటే గువ్వలచెరువు చాలు. కడప నుంచి రాయచోటి వైపు పోతుంటే వస్తుంది. ఇద్దరూ, నిండు బ్యాగులతో దిగేటప్పుడు మూడో గేరో రెండో గేరో వేసి ఇంజనుతోనే ఆపుకోవాలి. బ్రేకు మీదే కాలేసి దిగితే డ్రమ్ము కాలి, కావాల్సినప్పుడు పట్టదు. ఇది ఇక్కడ అలవాటైతే ఊటీ ఘాట్‌లో భయం ఉండదు. పైన కోవా కొనుక్కోవడం ఎలాగూ మర్చిపోరు.

మన ఒంటి సంగతి. గాలి ఆడే మెష్ జాకెట్ కొన్నా, మోచేతులకీ భుజాలకీ వీపుకీ గట్టి ప్యాడ్లున్నది. బండి కదులుతున్నంతసేపు బాగుంటుంది, టౌను సిగ్నల్లో ఆగితే నరకం. లోపల కాటన్ బనీను నీళ్లలో తడిపి వేసుకుంటే మన పొడి గాలికి అరగంటో గంటో చల్లగా ఉంటుంది. నెల్లూరు దిగితే అది పనిచెయ్యదు, అక్కడి ఉక్కలో తడి ఆరదు. అయినా 40 డిగ్రీలు దాటాక ఏ జాకెట్టూ కాపాడదు. వేసవిలో తెల్లవారుజామున బయల్దేరి 11 లోపు ఆగిపోతాం, మళ్లీ 4 తరవాతే. దాహం వేసేదాకా ఆగకుండా గంటకోసారి నీళ్లు, మధ్యలో ఓఆర్ఎస్. ప్యాకెట్ మీద ఎంత నీళ్లలో కలపాలో రాసి ఉంటుంది, సీసాలో ఉన్నన్ని నీళ్లలో కలిపెయ్యకండి. జాకెట్టుతో ఇచ్చిన వాన పొర లోపల వేసుకునేది. అది తొడుక్కునేలోపు ఎలాగూ తడుస్తాం. పైన వేసుకునే రెండు ముక్కల రెయిన్ కోటే మేలు. హెల్మెట్లు ఇద్దరికీ ఐఎస్ఐ గుర్తున్నవే, అద్దం తెల్లదే. నల్ల అద్దంతో చీకటి పడ్డాక గుంత కనపడదు. దుమ్ము పట్టిన అద్దాన్ని పొడి గుడ్డతో తుడిస్తే గీతలు పడి ఎదుటి లైట్లు చెదిరిపోతాయి, తడి గుడ్డ వాడండి.

ఫోను హోల్డరు కూడా అటక మీదే ఉంది. ఎండలో ఫోను కాగి ఛార్జింగ్ ఆగిపోతుంది. బైకు అదురుకి ఫోను కెమెరాలు దెబ్బతినొచ్చని యాపిల్ కంపెనీయే 2021లో హెచ్చరించింది. ఊళ్ల పేర్లు కాగితం మీద రాసి ట్యాంకుకి అతికిస్తా. తాడిపత్రి, ముద్దనూరు, ఎర్రగుంట్ల, కడప. ఇంతకంటే ఏం కావాలి? కాగితాలు డిజిలాకర్‌లో ఉంటే సరిపోతుంది, ఇన్సూరెన్సు, పొల్యూషన్ తేదీలు మాత్రం చూసుకోండి. నేషనల్ హైవేల మీద బైకుకి టోలు లేదు. ఏదన్నా జరిగితే హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చెయ్యాలి. దారులు ముందే కనుక్కోవాలి: మైసూరు నుంచి ఊటీ పోయే బండీపూర్ అడవి దారి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు, దోర్నాల నుంచి శ్రీశైలం దారిలోనూ రాత్రిపూట పోనివ్వరు. బెంగళూరు–మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మెయిన్ రోడ్డు మీదికి 2023 ఆగస్టు నుంచి బైకుల్ని రానివ్వడం లేదు, పక్కనున్న సర్వీసు రోడ్డులో పోవాలి. ఆ లెక్కన టైము ఎక్కువ వేసుకోండి.

నాకు ఇంకా కుదరనిది సీటు ఒక్కటే. గాలి నింపే కుషను మెత్తగా ఉంది కానీ మలుపుల్లో కింద జారినట్టుంటుంది, వెనక కూర్చున్న మనిషికి అసలు నచ్చలేదు. జెల్ ప్యాడు ఎండలో పార్కు చేస్తే కూర్చోలేనంత కాగుతుంది. చివరికి ఊళ్లో సీట్లు కుట్టే ఆయన దగ్గర పాత ఫోము తీయించి, గట్టి ఫోము వేయించి, కూర్చున్న మనిషి ముందుకి జారకుండా సీటు సాపు చేయించా. మెత్తటి సీటు మొదటి గంట బాగుంటుంది, మూడో గంటకి గట్టి సీటే నయం. వెనక సీటుకి కూడా అదే ఫోము వెయ్యాలని మా ఆవిడ పట్టుబడుతోంది. వచ్చే నెల జీతం రాగానే ఆ పని చేయించాలి.