అమ్మ అడిగిన ఒక్క డౌట్, రెండు సమాధానాలు

యూపీఐ 2016లో వచ్చింది, అమ్మ మొన్ననే మొదలుపెట్టింది. ఏటీఎం పిన్, యూపీఐ పిన్ ఒకటేనా అని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఒకతను "యాప్‌లో హెల్ప్ చూడండి మేడమ్" అని పెట్టేశాడు, మళ్ళీ అడగడానికి అమ్మకి మొహమాటం.

ఇంకోసారి చేస్తే ఒకమ్మాయి ఎత్తింది. "మంచి డౌటే అడిగారమ్మా, రెండూ వేరు, ఏటీఎం పిన్ మెషిన్ దగ్గర, యూపీఐ పిన్ ఫోన్‌లో డబ్బులు పంపేటప్పుడు, బ్యాలెన్స్ చూసేటప్పుడు, మనకి డబ్బులు రావడానికి మాత్రం ఏ పిన్నూ కొట్టక్కర్లేదు, ఎవరైనా కొట్టమంటే మోసమే" అని నిదానంగా చెప్పింది, అమ్మ అదంతా కరెంటు బిల్లు వెనక రాసుకుంది.

మొదటిది అర నిమిషంలో అయిపోతుంది, కానీ డౌట్ అలాగే ఉంటుంది, రేపు ఎవడో డబ్బులొస్తాయని చెప్పి పిన్ కొట్టమంటే ఏంటి పరిస్థితి? నాకైతే రెండోదే సపోర్ట్ అంటే. వారం తిరక్కుండానే పాలబ్బాయికి అమ్మే స్కాన్ చేసి కట్టేసింది.