ఇంటర్‌రైల్, యూరైల్ పాస్‌లు: జర్మనీలో చదివేవాళ్ళకీ, ఇండియా నుంచి వచ్చే ఫ్రెండ్స్‌కీ ఎంతవరకు పనికొస్తాయి?

జర్మనీలో చదివే స్టూడెంట్ థీసిస్ ఎప్పుడు సబ్మిట్ చేస్తారో తేలలేదు, రెసిడెన్స్ పర్మిట్ గడువు దగ్గర పడింది, ఉద్యోగం వస్తుందో రాదో తెలియదు. ఈలోగా ఫ్రెండ్స్ ఫ్లైట్ టికెట్లు కొనేశారు. ఇలాంటి పరిస్థితిలో, యూరప్ దేశాల రైళ్ళన్నిటికీ ఒకే టికెట్‌లా పనికొచ్చే ఈ పాస్ కొనాలా వద్దా అన్న ప్రశ్నకు చౌకా ఖరీదా అన్నది చూస్తే సరిపోదు. తేదీలు జరుపుకోగలమా, వద్దనుకుంటే డబ్బు ఎంత వెనక్కొస్తుంది, దారి మార్చుకోవచ్చా అన్నవే ముఖ్యం. వీటిలో ఈ పాస్ బాగానే నెగ్గుతుంది, కానీ దేశాన్ని బట్టి.

ముందు ఏ పాస్ ఎవరికో చూద్దాం. యూరప్‌లో నివాసం ఉన్నవాళ్ళకు ఇంటర్‌రైల్, బయట నుంచి వచ్చేవాళ్ళకు యూరైల్. చూసేది పాస్‌పోర్ట్ రంగు కాదు, నివాసం. జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉన్న భారతీయ స్టూడెంట్ ఇంటర్‌రైల్ తీసుకోవాలి, హైదరాబాద్ నుంచి వచ్చే ఫ్రెండ్ యూరైల్ తీసుకోవాలి. రెండూ అవే 33 దేశాల్లో, అవే రైళ్ళలో చెల్లుతాయి. పాస్ మొదలయ్యే రోజుకు 27 ఏళ్ళు దాటనివాళ్ళకు యూత్ ధర వర్తిస్తుంది, పెద్దల ధర కంటే దాదాపు 25 శాతం తక్కువ. 28వ పుట్టినరోజు దగ్గర్లో ఉంటే, దానికి ముందే పాస్ మొదలయ్యేలా చూసుకోండి.

తేడా అంతా సొంత దేశం దగ్గర వస్తుంది. ఇంటర్‌రైల్ ఉన్నవాళ్ళు తాముండే దేశంలో ఆ పాస్‌ను రెండుసార్లే వాడుకోగలరు: బయటికి వెళ్ళేటప్పుడు ఒక రోజు, తిరిగి వచ్చేటప్పుడు ఒక రోజు. నెదర్లాండ్స్‌లో ఉండేవాళ్ళకు ఇది పెద్ద ఇబ్బంది కాదు. జర్మనీ యూరప్ నడిబొడ్డున ఉంది కాబట్టి అక్కడి వాళ్ళకే తంటా. మ్యూనిక్ నుంచి వియన్నా, ప్రాగ్, బెర్లిన్, ఆ తర్వాత ఆమ్‌స్టర్‌డామ్, మళ్ళీ మ్యూనిక్ అని ప్లాన్ వేశారనుకోండి. జర్మనీ నుంచి బయటికి రెండుసార్లు, లోపలికి రెండుసార్లు అవుతుంది. స్టూడెంట్ రెండో విడతలో జర్మనీ భాగానికి విడిగా టికెట్ కొనుక్కోవాలి. పక్కనే కూర్చున్న ఫ్రెండ్‌కు మాత్రం యూరైల్ మీద అంతా కవర్ అవుతుంది. అందరికీ ఒకే రూట్ అనుకుని లెక్క వేసేవాళ్ళు తప్పు చేసేది ఇక్కడే.

దీనికి మందు డాయిష్‌లాండ్‌టికెట్, జర్మనీ అంతటా చెల్లే నెలవారీ టికెట్. 2023 మేలో నెలకు 49 యూరోలతో మొదలైంది, 2025లో 58 అయింది, 2026 జనవరి నుంచి 63. జర్మనీలో రీజనల్ రైళ్ళు, ఎస్-బాన్ (నగరాల లోకల్ రైళ్ళు), మెట్రో, ట్రామ్, బస్సులు అన్నీ వస్తాయి, ఐసీఈ, ఐసీ, ఈసీ అనే దూరప్రయాణ రైళ్ళు రావు. స్టూడెంట్ దగ్గర సెమిస్టర్ టికెట్ రూపంలో ఇది చాలావరకు ఉండనే ఉంటుంది. ఆస్ట్రియాలో ఉన్నా సాల్జ్‌బర్గ్ మెయిన్ స్టేషన్ వరకు, కుఫ్‌స్టైన్ వరకు రీజనల్ రైళ్ళలో ఇది చెల్లుతుంది. కాబట్టి మ్యూనిక్ నుంచి సాల్జ్‌బర్గ్ దాకా దీని మీద వెళ్ళి, అక్కడ వియన్నా రైలు ఎక్కేటప్పుడు పాస్ వాడండి. బయటికి వెళ్ళే ఒక్క అవకాశం చేతిలోనే మిగులుతుంది.

ఫ్రెండ్స్‌కు కూడా ఇది కొనొచ్చు, కాకపోతే ఇది నెలవారీ సబ్‌స్క్రిప్షన్. 10వ తేదీలోపు క్యాన్సిల్ చేస్తేనే ఆ నెలాఖరుకు ఆగుతుంది, లేకపోతే తర్వాతి నెల డబ్బులూ కట్ అవుతాయి. వాళ్ళ ట్రిప్ ఒకే క్యాలెండర్ నెలలో పడితే లాభం. 25న దిగి 8న వెళ్ళిపోయేవాళ్ళకు రెండు నెలల ఖర్చు.

ఇక అసలు పాస్ ఎన్ని రోజులది కొనాలి? నెలలో 4, 5, 7 రోజులు, రెండు నెలల్లో 10, 15 రోజులు అని ఫ్లెక్సీ పాస్‌లున్నాయి, వరుసగా వాడే పాస్‌లు వేరే. రెండు వారాల ట్రిప్‌కు 5 రోజుల ఫ్లెక్సీ చాలు. పాస్ మీద రైలెక్కే రోజులే లెక్కకు వస్తాయి, ఊళ్ళో తిరిగే రోజులు రావు. యూత్ ధరలో సెకండ్ క్లాస్ రోజుకు దాదాపు 50 యూరోలు పడుతుంది. అంతకంటే తక్కువకు టికెట్ దొరికే రోజున పాస్ రోజు ఖర్చు చేయకండి, టికెట్ కొనేయండి.

రిజర్వేషన్ల సంగతి మాత్రం శ్రద్ధగా చూడాలి. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో, బెల్జియం, నెదర్లాండ్స్ లోపల తిరిగే రైళ్ళలో చాలావాటికి సీటు రిజర్వేషన్ తప్పనిసరి కాదు. ఖాళీ ఉంటే కూర్చోవచ్చు. ఫ్రాన్స్ టీజీవీ, స్పెయిన్ ఏవీఈ, ఇటలీ ఫ్రెచారోసా లాంటి హైస్పీడ్ రైళ్ళు, లండన్ వెళ్ళే యూరోస్టార్, రాత్రి రైళ్ళు మాత్రం పాస్ ఉన్నా రిజర్వేషన్ లేకుండా ఎక్కనివ్వవు. ఇటలీలో ఒక్కో రైలుకు 10 యూరోల పైన, యూరోస్టార్‌కు 30 యూరోలకు అటూ ఇటూ అవుతుంది. పైగా పాస్ వాళ్ళకు సీట్ల కోటా తక్కువ. రైల్లో సీట్లు ఖాళీగా ఉన్నా, కోటా అయిపోతే దొరకవు. పారిస్, బార్సెలోనా కోరుకునే ఫ్రెండ్స్‌తో ఈ మాట ముందే చెప్పాలి: ఆ దారిలో పాస్ ఇచ్చే స్వేచ్ఛ చాలావరకు పోతుంది, తేదీ ముందే ఖాయం చేసుకోవాలి. తేదీలే తెలియనివాళ్ళు ఆస్ట్రియా, చెక్, స్విస్ వైపు వెళ్ళడం మేలు.

స్విస్‌లో ఒక చిన్న మాట. ఫ్రెండ్స్ అందరూ అడిగే యుంగ్‌ఫ్రౌ పర్వత రైలుకు పాస్ మీద తగ్గింపు వస్తుందంతే, ఉచితం కాదు.

వాడే తీరు. పాస్ ఫోన్‌లోని రైల్ ప్లానర్ యాప్‌లో ఉంటుంది. ముందు పాస్ యాక్టివేట్ చేయాలి: మొదలు తేదీ, పాస్‌పోర్ట్ నంబర్, నివాస దేశం. తర్వాత ప్రతి ప్రయాణానికీ రైలు వెతికి ట్రిప్‌లో చేర్చాలి, ఆ రైలు పక్కన ఉన్న స్విచ్ ఆన్ చేయాలి, ట్రావెల్ డే (పాస్‌లోని ఒక రోజు) వాడతామని ఒప్పుకోవాలి, అప్పుడు క్యూఆర్ కోడ్ వస్తుంది. రైలెక్కకముందే ఇదంతా పూర్తవ్వాలి, టీసీ వచ్చాక చేస్తే టికెట్ లేనట్టే లెక్క. టైమ్‌టేబుల్‌లో లేని రైలైతే స్టేషన్లు, టైమ్ మాన్యువల్‌గా నింపి చేర్చవచ్చు. ఆఫ్‌లైన్‌లో పనిచేస్తుంది కానీ కనీసం మూడు రోజులకు ఒకసారి నెట్‌కు కలపాలి. ఫోన్ చచ్చిపోతే పాస్ కూడా లేనట్టే, పవర్ బ్యాంక్ తప్పనిసరి. పాస్‌తో పాటు పాస్‌పోర్ట్ కూడా చూపించమంటారు.

ట్రావెల్ డే అంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి వరకు. రాత్రి రైలైతే ఎక్కిన రోజే లెక్క. పొద్దున దిగి ఇంకో రైలెక్కితే మాత్రం రెండో రోజు కూడా పోతుంది.

తేదీలు తేలనివాళ్ళకు బాగా కలిసొచ్చే నిబంధన: పాస్ కొన్నాక 11 నెలల్లోపు ఎప్పుడైనా మొదలుపెట్టవచ్చు. యాక్టివేట్ చేయని మామూలు పాస్ తిరిగిస్తే 15 శాతం కోసుకుని మిగతాది ఇస్తారు. డిస్కౌంట్ సేల్‌లో కొన్నవాటికి ఈ వెసులుబాటు ఉందో లేదో కొనేముందు చూసుకోండి. అందుకే తేదీ తేలేవరకు యాక్టివేట్ చేయకండి, రిజర్వేషన్లు కూడా కొనకండి. వాటి డబ్బు చాలావరకు తిరిగి రాదు.

పాస్ 33 దేశాల్లో చెల్లుతుంది కానీ షెంగెన్ వీసా (యూరప్ దేశాల ఉమ్మడి వీసా) 29 దేశాలకే. లండన్, డబ్లిన్‌లకు వేరే వీసాలు కావాలి. ఫ్రెండ్స్ వీసా సింగిల్ ఎంట్రీ అయితే, షెంగెన్ దాటి బయటికి వెళ్తే మళ్ళీ రాలేరు. వీసా ఫీజు 90 యూరోలు, ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోల కవర్ ఉండాలి, దరఖాస్తు ఆరు నెలల ముందు నుంచి 15 రోజుల ముందు వరకు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే పెట్టాలి.

స్టూడెంట్ సంగతి ఇంకా సున్నితం. పర్మిట్ గడువు తీరకముందే పొడిగింపుకు అప్లై చేస్తే, కార్డు వచ్చేలోపు ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ అనే తాత్కాలిక పత్రం ఇస్తారు. దాని మూడో పేజీలో మూడో గడి టిక్ అయి ఉందో లేదో చూడండి, అది జర్మనీ నివాస చట్టం సెక్షన్ 81(4) కింద, పాత పర్మిట్ కొనసాగుతున్నట్టు ఇచ్చినది. గడువు తీరిన పాత కార్డు కూడా దానితో పాటు జేబులో ఉండాలి. వేరే గడి టిక్ అయి ఉంటే జర్మనీ దాటే ప్లాన్ ఆపి, ఫ్రెండ్స్‌ను డాయిష్‌లాండ్‌టికెట్ మీద డ్రెస్డెన్, హాంబుర్గ్, బ్లాక్ ఫారెస్ట్ వైపు తిప్పండి. యాక్టివేట్ చేయని పాస్‌ను, కార్డు చేతికొచ్చాక వాడుకోవచ్చు.