ల్యాప్‌టాప్‌కి వంక పెట్టను, నా పేచీ అంతా కీబోర్డు కనెక్టర్‌తోనే

ఈ ల్యాప్‌టాప్ స్పీడు, స్క్రీను, బ్యాటరీ గురించి ఇప్పటికే అందరూ రాసేశారు. కొన్నేళ్లుగా రోజంతా దీని మీదే టైప్ చేస్తున్నవాడిగా నేను చెప్పాల్సింది ఒక్కటే ఉంది. లోపల కీబోర్డు రిబ్బన్ కేబుల్‌ని (పట్టీలా పల్చగా ఉండే తీగని) మదర్‌బోర్డుకి పట్టి ఉంచే కనెక్టర్ గురించి, ఇంకా చెప్పాలంటే దాని మీద ఉండే నల్లటి ప్లాస్టిక్ లాక్ గురించి. అగ్గిపుల్ల మందం కూడా ఉండదది. అది విరిగితే మిగతా మెషిన్ ఎంత బాగున్నా టైపింగ్ సాగదు. పైగా దాన్ని విడిగా మార్చుకోవచ్చని కంపెనీ మాన్యువల్లో ఒక్క ముక్క లేదు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

మొదట కొన్ని అక్షరాలు పడటం మానేశాయి. పక్కపక్క కీలు కావు. ఒకటి పై వరసలో, ఒకటి మధ్యలో, ఇంకొకటి స్పేస్‌బార్ దగ్గర. కాసేపటికి వాటంతటవే మళ్లీ పనిచేసేవి. కీలు ఇలా చెదురుమదురుగా పోతున్నాయంటే ముందు కేబుల్‌ని అనుమానించాలి. కీబోర్డులో ఒక్కో కీకి ఒక్కో వైరు ఉండదు. అడ్డంగా కొన్ని లైన్లు, నిలువుగా కొన్ని లైన్లు ఉంటాయి. ఏ రెండు లైన్లు కలిశాయో చూసి ఏ కీ నొక్కామో చిప్ గుర్తుపడుతుంది. ఒక్క పిన్ను వదులైతే చాలు, ఆ లైను మీదున్న కీలన్నీ ఒకేసారి పనిచేయడం మానేస్తాయి.

యూఎస్‌బీ కీబోర్డు తగిలిస్తే అన్నీ పడ్డాయి, కాబట్టి సాఫ్ట్‌వేర్ గొడవ కాదు. టచ్‌ప్యాడ్‌కి ఎడమవైపు అరచేయి ఆనించి కాస్త నొక్కితే పోయిన కీలు తిరిగొచ్చేవి, చెయ్యి తీస్తే మళ్లీ పోయేవి. దాంతో నాకు దాదాపు ఖాయమైపోయింది. కీబోర్డే చచ్చిపోయి ఉంటే ఎక్కడో పక్కన నొక్కినంత మాత్రాన బాగుపడదు కదా.

అంతకుముందు ఒకసారి కీబోర్డు మార్పించిన సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లాను. చూసి, మదర్‌బోర్డు మొత్తం మార్చాలన్నారు. ఎందుకని అడిగితే సరైన సమాధానం లేదు. వెనక్కి తెచ్చుకుని మూత తీసి చూస్తే కనెక్టర్ మీద పసుపు రంగు టేపు అంటించి ఉంది. టేపు లేపితే కింద లాక్ సగమే మిగిలింది. ఎడమవైపు, లాక్ తిరగడానికి ఆధారంగా ఉండే బుల్లి చెవి కూడా కనెక్టర్ నుంచి ఊడిపోయింది. దాంతో కేబుల్ ఆ వైపు వెంట్రుకవాసి వెనక్కి జారి, చివరి పిన్నులు ఒకసారి తగిలి ఒకసారి తగలకుండా ఉన్నాయి. లాక్ ఎవరి చేతిలో విరిగిందో నేను చెప్పలేను. కానీ విరిగిందని చూసి టేపు వేసి మూత బిగించినవాళ్లు నాకు ఒక్క మాట చెప్పి ఉండాల్సింది.

ఈ మెషిన్ కొన్న కొత్తలో రిపేరుకి చాలా అనువైనదని నలుగురికీ చెప్పాను. మామూలు స్క్రూలు విప్పితే కింది మూత వచ్చేస్తుంది, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ మార్చడం నిజంగానే సులువు. ఆ మెచ్చుకోలు ఇప్పుడు ర్యామ్, ఎస్‌ఎస్‌డీ వరకే.

ఈ కనెక్టర్లలో లాక్ వేసినప్పుడే కేబుల్ లోపలి స్ప్రింగు పిన్నులకు గట్టిగా అదుముకుంటుంది. లాక్ తెరిస్తే కేబుల్ దాదాపు బలం లేకుండానే బయటికి వస్తుంది. కొన్నింటిలో లాక్ కేబుల్ దూరే వైపే ఉండి పైకి లేస్తుంది. కొన్నింటిలో వెనకవైపు లేస్తుంది. పాత రకాల్లో పైకి లేవదు, రెండు చివర్లూ సమానంగా పట్టి మిల్లీమీటరో ఎంతో ముందుకి లాగాలి. అసలు లాక్ లేనివీ ఉన్నాయి. ఏ రకమో చూసుకోకుండా గోరు పెట్టి లేపితే విరగడం ఖాయం. పైగా ఇవి రోజూ తీసి పెట్టడానికి చేసినవి కావు. తయారీదారులే చాలా రకాలకు పది, ఇరవై, ముప్పై సార్లు అని హద్దు రాస్తారు. అలాంటప్పుడు దాన్ని విడి భాగంగా దొరికేలా చెయ్యాల్సింది ల్యాప్‌టాప్ కంపెనీయే కదా.

కనెక్టర్ మీద పార్ట్ నంబరు లేదు. ఏది తెప్పించాలో కొలిచే తేల్చుకోవాలి. నిజం చెప్పాలంటే ఈ పనంతటిలో నాకు బాగా నచ్చింది ఇదే. ముందు పిన్నులు లెక్కపెట్టాను, ముప్పై రెండు. డిజిటల్ కాలిపర్‌తో మొదటి పిన్ను ఎడమ అంచు నుంచి చివరి పిన్ను ఎడమ అంచుకి కొలిస్తే 24.8 మిల్లీమీటర్లు. దీన్ని 32తో కాదు, 31తో భాగించాలి, ఎందుకంటే కావాల్సింది మధ్యలోని ఖాళీల లెక్క. 0.8 వచ్చింది. పిన్నుకీ పిన్నుకీ మధ్య ఉండే ఈ దూరాన్నే పిచ్ అంటారు. ఎక్కువగా కనిపించే పిచ్‌లు 0.5, 1.0 మిల్లీమీటర్లు కాబట్టి, పక్కపక్క పిన్నులు రెండే కొలిచి ఉంటే 1.0 అనుకునే ప్రమాదం ఉండేది. ఈ చివర నుంచి ఆ చివరకి కొలిస్తే ఆ అనుమానం మిగలదు.

పిచ్ తర్వాత చూడాల్సింది కేబుల్ ఏ వైపు తగులుతుందన్నది. కేబుల్ చివర ఒకవైపు లోహపు గీతలు బయటికి ఉంటాయి, రెండోవైపు గట్టిదనం కోసం వేసిన ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది, చాలావాటికి నీలం రంగులో. నా దాంట్లో పట్టీ పైకి, గీతలు బోర్డు వైపు ఉన్నాయి. అంటే కనెక్టర్ పిన్నులు కిందివైపు ఉన్న రకమే కావాలి. ఇది తిరగబడితే మిగతా కొలతలన్నీ సరిపోయినా ఒక్క కీ కూడా పడదు. తర్వాత ఎత్తు. మూత కింద ఖాళీ తక్కువ కాబట్టి బోర్డు నుంచి లాక్ పైభాగం దాకా కొలిచి, అంతకు మించనిదే చూశాను. కేబుల్ చివరి మందం కూడా సరిపోవాలి. ఇంకొకటి, కేబుల్ గీతలకు తగరం పూత ఉంటే కనెక్టర్ పిన్నులకూ తగరమే ఉండాలి, బంగారం పూత ఉంటే బంగారమే. రెండూ కలిపితే కాలక్రమేణా తగిలేచోట తుప్పు పేరుకుని మళ్లీ ఇదే రోగం మొదలవుతుంది.

ఈ కొలతలతో డేటాషీట్లు, అంటే తయారీదారులు ఇచ్చే వివరాల పత్రాలు, వెతికితే సరిగ్గా సరిపోయేది దొరికింది. అదేమీ ఈ మోడల్ కోసం ప్రత్యేకంగా చేసింది కాదు, పార్టులు అమ్మేవాళ్ల దగ్గర విడిగా దొరికే మామూలు కనెక్టర్! మదర్‌బోర్డు మార్చాలన్న మాట గుర్తొచ్చి అప్పుడు పట్టలేనంత కోపం వచ్చింది. ఇంకో సంగతి కూడా తెలిసింది. చెవులు బాగుండి లాక్ ఒక్కటే విరిగితే, అదే రకం కొత్త కనెక్టర్ నుంచి లాక్ ఊడదీసి పాతదానికి తొడిగేయొచ్చు, సోల్డరింగ్, అంటే లోహం కరిగించి అతికించే పని, అక్కర్లేదు. నా దాంట్లో చెవి పోయింది కాబట్టి ఆ దారి మూసుకుపోయింది.

బ్యాటరీ తీగ పీకేసి, చుట్టుపక్కల పార్టుల మీద వేడిని తట్టుకునే కాప్టన్ టేపు వేసి మొదలుపెట్టాను. పాత కనెక్టర్‌ని లాగి పీకకూడదు, బోర్డు మీది రాగి ప్యాడ్లు దాంతోపాటే లేచిపోతాయి. సీసం లేని సోల్డర్ కరగడానికి దాదాపు 217 డిగ్రీలు కావాలి. అందుకే పిన్నుల వరస పొడవునా తక్కువ వేడికే కరిగే బిస్మత్ సోల్డర్ కలిపాను, అప్పుడు మొత్తం కాసేపు కరిగే ఉంటుంది. సతాయించేది సన్న పిన్నులు కావు, రెండు చివర్ల కనెక్టర్‌ని బోర్డుకి బిగించే పెద్ద రేకులు. వేడంతా అవే తాగేస్తాయి. హాట్ ఎయిర్‌ని (వేడి గాలి ఊదే పరికరాన్ని) వాటి మీద ఎక్కువసేపు ఆడించాక కనెక్టర్ కాస్త కదిలింది, అప్పుడే ట్వీజర్స్‌తో ఎత్తాను. బిస్మత్ సోల్డర్‌ని, కరిగిన సోల్డర్‌ని పీల్చుకునే రాగి అల్లికతో పూర్తిగా తుడిచాకే కొత్తది పెట్టాను. ముందు రెండు చివరి రేకులు, తర్వాత పిన్నులు. సోల్డర్ బాగా అంటుకోవడానికి రాసే ఫ్లక్స్ పొదుపుగా వాడాలి, ఎక్కువైతే సోల్డర్‌తో కలిసి పిన్నుల వెంబడి లోపలికి పాకి, కేబుల్ తగిలే చోటుని పాడుచేస్తుంది. చివర్లో మల్టీమీటర్‌తో పక్కపక్క పిన్నులు అంటుకోలేదని చూసుకుని, కేబుల్ తిన్నగా దూర్చి, రెండు చివర్లూ సమానంగా నొక్కి లాక్ వేశాను.

అప్పటి నుంచి ఒక్క అక్షరం తప్పలేదు. దుమ్ము దులపడానికి కింది మూత తీసినా కీబోర్డు కేబుల్ జోలికి మాత్రం పోను.

కొనమంటానా? నాకు సోల్డరింగ్ అలవాటు ఉంది, హాట్ ఎయిర్ ఇంట్లోనే ఉంది, ఈ కీబోర్డు స్పర్శ నా చేతికి బాగా కుదిరింది కాబట్టి నేనైతే ఇంకా దీన్నే వాడతాను. అవేవీ లేనివాళ్లకి, రిపేరు బయట చేయించుకునేవాళ్లకి, అంత ధైర్యంగా చెప్పలేను. ఇప్పటికే ఇది మీ దగ్గరుండి కీలు చెదురుమదురుగా పోతుంటే మాత్రం, మదర్‌బోర్డుకి ఒప్పుకునే ముందు కేబుల్ దగ్గర టేపు ఉందేమో మీ కళ్ల ముందే తెరిపించి చూడండి.