‘థ్రోన్ ఆఫ్ గ్లాస్’ ఎనిమిది పుస్తకాలు 1,299 రూపాయలకే అంటే ఆగండి: తిరుపతి, చిత్తూరు వాళ్ళకి జాగ్రత్త

పిల్లలకి పుస్తకాలు కొనిచ్చే అమ్మానాన్నలు, ఇంగ్లీషు ఫాంటసీలు చదివే పిల్లలు దయచేసి ఇది పూర్తిగా చదవండి. సారా జె. మాస్ రాసిన ‘థ్రోన్ ఆఫ్ గ్లాస్’ సిరీస్ ఎనిమిది పుస్తకాల సెట్టు 1,299 రూపాయలకే ఇస్తామని మన వైపు ఇన్‌స్టాగ్రామ్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో ప్రకటన తిరుగుతోంది. ‘ఒరిజినల్, సీల్డ్, తిరుపతి టౌన్‌లో అయితే అదే రోజు డెలివరీ’ అని ఉంటుంది. అవి దొంగ ప్రింట్లు. మధ్యలో పేజీలు లేవు. డబ్బు వెనక్కి రాదు. చిత్తూరులో మా అక్క ఆ సెట్టు కొనింది. అది ఇప్పుడు నా బల్ల మీదుంది. నా దగ్గరున్న అసలు పుస్తకాల పక్కన పెట్టి, రెండూ తిరగేస్తూ రాస్తున్నా.

అమ్మినవాళ్ళ పేరు రాయడం లేదు. ఇట్లాంటి పేజీలు పేరు మార్చుకుని మళ్ళీ వస్తాయి, కాబట్టి పేరు కన్నా వాళ్ళు అమ్మే తీరు తెలుసుకోవడం మేలు.

మా అక్క కూతురు ఇంటర్ చదువుతోంది. మా ఇంటికొస్తే నా పుస్తకాల బీరువా దగ్గర నుంచి లేవదు, అందుకే అక్క ఆ పిల్లకి సొంత సెట్టు ఉండాలని తెప్పించింది. మూడో పుస్తకం ‘ఎయిర్ ఆఫ్ ఫైర్’ చదువుతూ పిల్ల నాకు ఫోన్ చేసింది. సెలేనా ఈ సిరీస్ కథానాయిక, మనాన్ అందులో ఒక మంత్రగత్తె. “చిన్నమ్మా, మనాన్ మాట్లాడతా ఉంటే వాక్యం సగంలో ఆగిపోయింది. పక్క పేజీలో సెలేనా ఉంది. ఈ పుస్తకం ఇట్లే ఉంటుందా?” అనింది. పేజీ నంబర్లు చూడమన్నా. 208 తర్వాత 241 ఉంది.

ప్రెస్సు పని తెలిసినవాళ్ళకి ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. పెద్ద షీటు మీద పదహారు పేజీలు అచ్చేసి మడిస్తే ఒక ఫారం. ఆ ఫారాలను వరసగా పేర్చి బైండింగ్ చేస్తారు. 209 నుంచి 240 వరకు సరిగ్గా రెండు ఫారాలు. పేర్చేవాళ్ళు వదిలేశారు, తర్వాత ఎవరూ చూసుకోలేదు. అదే పుస్తకంలో 305 నుంచి 320 దాకా ఉన్న ఫారం రెండుసార్లు వచ్చింది. అసలు ప్రచురణకర్తలు బ్లూమ్స్‌బరీ వాళ్ళ పుస్తకంలో కూడా ఎప్పుడో ఒక కాపీ ఇట్లా రావచ్చు. అప్పుడు బిల్లు తీసుకుని అంగడికి పోతే మార్చిస్తారు. ఈ సెట్టుకు బిల్లూ లేదు, అంగడీ లేదు.

అయినా నాకు బాగా బాధేసింది ఆ మూడో పుస్తకం గురించి కాదు. అక్కడ వాక్యం తెగింది కాబట్టి పిల్లకి తెలిసింది. ‘ది అసాసిన్స్ బ్లేడ్’లో జరిగింది తనకి తెలియను కూడా తెలియలేదు. అది అసలు కథకు ముందు జరిగే ఐదు కథల పుస్తకం. అందులో రెండో కథ ‘ది అసాసిన్ అండ్ ది హీలర్’. ఒక మురికి ఊరి సత్రంలో పనిచేసే పేద పిల్ల, వైద్యం నేర్చుకోవాలని ఆశ ఉన్నా చేతిలో కాసు లేనిది, ఒక రాత్రి సెలేనాకు ఎదురుపడుతుంది. కథ చివర ఒక చిన్న చీటీ ఉంటుంది. ఆ పిల్ల యిరీన్ మళ్ళీ ‘టవర్ ఆఫ్ డాన్’లో కనిపిస్తుంది. ఆ చీటీ సంగతి ఆఖరి పుస్తకం ‘కింగ్‌డమ్ ఆఫ్ యాష్’లో వచ్చినప్పుడు నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. దొంగ ప్రింటులో ఆ కథ చివరి కాగితాలే లేవు. ముందు పేజీ ఒక వాక్యం పూర్తయ్యి ఆగింది, తర్వాతి పేజీలో మూడో కథ మొదలైంది. మా పిల్ల కథ అక్కడే అయిపోయిందనుకుంది. నేను పక్కన పెట్టి చూడకపోతే ఆఖరి పుస్తకం దాకా పోయి, అందరూ ఎందుకు ఏడుస్తున్నారో తెలియక పుస్తకం మూసేసి ఉండేది.

ఈ సిరీస్‌కు పేజీలు పోతే ఇంత నష్టం ఎందుకో చెప్పాలంటే సిరీస్ గురించి నాలుగు మాటలు చెప్పాలి. మొదటి పుస్తకం 2012లో వచ్చింది, ఆఖరిది 2018లో. రచయిత్రి పదహారేళ్ళ వయసులో ఈ కథ రాయడం మొదలుపెట్టింది. ఎండోవియర్ ఉప్పు గనుల్లో బానిసగా ఏడాది గడిపిన పద్దెనిమిదేళ్ళ హంతకి సెలేనాను యువరాజు డోరియన్ బయటికి తెస్తాడు. రాజుగారి వీరుడి పదవికి పోటీ పడాలి, గెలిస్తే నాలుగేళ్ళ కొలువు, తర్వాత స్వేచ్ఛ. రాజధానిలో గాజు కోట, దేశంలో మంత్రవిద్య మాయమై పదేళ్ళు. ఇదీ మొదలు. నా మటుకు మొదటి పుస్తకమే అన్నిటికన్నా పలచన. పోటీలు, విందులు, ఇద్దరు మగపిల్లల మధ్య ఊగిసలాట, చదివినంతసేపు బాగుంటుంది అంతే. సెలేనాకు మంచి బట్టలన్నా, మిఠాయిలన్నా, పియానో అన్నా పిచ్చి. హంతకికి ఈ సోకులేంటని కొందరికి చిరాకు. నాకు అదే నచ్చింది. గనుల్లో ఏడాది అన్నీ పోగొట్టుకున్న పిల్ల దొరికినదాన్ని రెండు చేతులా పట్టుకోకపోతే ఇంకేం చేస్తుంది?

రెండో పుస్తకం ‘క్రౌన్ ఆఫ్ మిడ్‌నైట్’ చివరి పేజీల్లో ఒక నిజం బయటపడుతుంది. అక్కడి నుంచి కథ దారే మారిపోతుంది. ఆ నిజానికి ఆనవాళ్ళు మొదటి పుస్తకం నుంచే చిన్నచిన్న మాటల్లో పెట్టి ఉంటుంది. మూడో పుస్తకంలో సెలేనా సముద్రం అవతల వెండ్లిన్ దేశానికి పోయాక, మంత్రగత్తె మనాన్ కథ కలిశాక, ఇది ఒక రాచకొలువు కథ కాస్తా పెద్ద యుద్ధగాథ అయిపోతుంది. ఒకచోట అన్న మాటకు మూడు పుస్తకాల తర్వాత జవాబు వస్తుంది. కాబట్టి ఏ ముప్ఫై పేజీలు పోయినా, పోయింది ఆ ముప్ఫై పేజీలే కాదు. లోపాలు లేవని అనడం లేదు. చివరి పుస్తకాల్లో దాదాపు ప్రతి పాత్రకూ జోడీ కుదర్చడం నాకు నచ్చలేదు, యుద్ధాల సాగదీత కూడా ఉంది. అయినా పూర్తి చేశాక మళ్ళీ మొదటి నుంచి చదవాలనిపించే సిరీస్ ఇది.

ఇంక దొంగ ప్రింటును చేతిలో పట్టుకుని ఎట్లా పోల్చాలో చెప్తా. నేను చూసినవి ఇవి. కాగితం పలచన, వెనక పేజీ అక్షరాలు ముందుకు కనిపిస్తున్నాయి. ఇంకు ఒక పేజీలో నల్లగా, పక్క పేజీలో బూడిద రంగులో ఉంది. లోపలి మార్జిన్ లేదు, లైను మొదట్లోని అక్షరాలు చూడాలంటే పుస్తకాన్ని విరిచి పట్టుకోవాలి, విరిస్తే గమ్ ఊడి కాగితాలు చేతికొస్తున్నాయి. ‘కింగ్‌డమ్ ఆఫ్ యాష్’ దాదాపు వెయ్యి పేజీల పుస్తకం, దాని వీపు మొదటిసారి తెరిచినప్పుడే నిలువునా పగిలింది. అన్నిటికన్నా తేలిగ్గా తెలిసేది మొదట్లో ఉండే మ్యాపు. అసలు పుస్తకంలో కథ జరిగే ఎరిలియా ఖండం మీది ఊళ్ళ పేర్లు చిన్నవైనా చక్కగా చదవొచ్చు. ఇందులో కొండలూ పేర్లూ కలిసిపోయి నల్లటి మరక మిగిలింది, మడత దగ్గరి ఊళ్ళు బైండింగ్‌లోకి పోయాయి. కొనేముందు విక్రేతను ఆ మ్యాపు పేజీ ఫోటో దగ్గర నుంచి తీసి పంపమని అడగండి. ఈ ఒక్క పని చేస్తే చాలావరకు బయటపడతారు.

బార్‌కోడ్ స్కాన్ చేసి సరైన పుస్తకం పేరు వచ్చింది కదా అని నమ్మకండి. దొంగ ప్రింటు అంటేనే అసలు అట్టను స్కాన్ చేసి అచ్చేసింది. పుస్తకాన్ని గుర్తించే ఐఎస్‌బీఎన్ నంబరుతో సహా అన్నీ అట్లే వస్తాయి.

అక్క పేజీలు లేవని మెసేజ్ పెడితే మొదట పార్సిల్ విప్పే వీడియో అడిగారు. అక్క తీసి పెట్టుకునింది, పంపింది. అప్పుడు ‘కంపెనీ ప్రింటింగే అట్లా వచ్చింది మేడమ్, మేమేం చేయలేం’ అన్నారు. బిల్లు అడిగితే ‘బిల్లు వేస్తే జీఎస్టీ 18 శాతం పడుతుంది, అందుకే కస్టమర్ల మంచి కోసం వేయం’ అన్నారు. ఈ మాట గట్టిగా గుర్తుంచుకోండి. మన దేశంలో అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు. పుస్తకానికి జీఎస్టీ పేరు చెప్పి బిల్లు ఎగ్గొడుతున్నారంటే సరుకు మంచిది కాదనే అర్థం. ఆ తర్వాత అక్క నంబరు బ్లాక్ చేశారు. డబ్బు కట్టింది ఎవరో ఒక వ్యక్తి పేరు మీదున్న యూపీఐకి, అంగడి పేరు ఎక్కడా లేదు.

ఇంకో సంగతి, ఇది పేజీలు పోవడం కన్నా పెద్దది. ఆ ప్రకటనలో ‘పదేళ్ళు దాటిన పిల్లలకి’ అని రాశారు. మా వీధిలో ఒకామె ఏడో తరగతి కూతురికి కొనివ్వబోతూ నన్ను అడిగింది, వద్దన్నా. ఈ సిరీస్ యంగ్ అడల్ట్, అంటే టీనేజీ పిల్లల పుస్తకాల పేరుతో మొదలైన మాట నిజం. మొదటి రెండు పుస్తకాల్లో హత్యలు, రక్తం ఉన్నా హైస్కూలు పిల్లలు చదవొచ్చు. ఐదో పుస్తకం ‘ఎంపైర్ ఆఫ్ స్టార్మ్స్’ దగ్గరికొచ్చేసరికి పెద్దవాళ్ళకి రాసినట్టే శృంగార సన్నివేశాలు ఉంటాయి. ఆఖరి పుస్తకంలో చిత్రహింసల అధ్యాయాలు పెద్దవాళ్ళకే కష్టం. నన్నడిగితే పూర్తి సిరీస్ పదహారు దాటాకే. అట్ట మీద కిరీటం, కత్తి, రాజకుమారి ఉన్నాయి కదా అని చందమామ కథల్లా చిన్నపిల్ల చేతిలో పెట్టేయకండి. అమ్మేవాడికి లోపల ఏముందో తెలియదు, తెలిసినా చెప్పడు.

కొనాలనుకుంటే ఒకేసారి ఎనిమిదీ కొనాల్సిన పనే లేదు. మొదటిది ఒక్కటి అసలుది కొనండి. పిల్లకి నచ్చితే తర్వాతిది. నచ్చకపోతే అక్కడితో ఆగొచ్చు, డబ్బూ మిగులుతుంది. కొత్తవి ధర ఎక్కువే, కాదనను. నాలుగైదు వందలు పెట్టలేనివాళ్ళు సెకండ్‌హ్యాండ్ కొనండి, అందులో తప్పేం లేదు. ఒకరు చదివిన అసలు పుస్తకం వేరు, దొంగ అచ్చు వేరు. కిలోల లెక్కన అమ్మే పుస్తకాల మేళాల్లో కూడా ఒక్కోసారి ఇవి అసలువే దొరుకుతాయి, కాకపోతే వరసగా దొరకవు. ‘ది అసాసిన్స్ బ్లేడ్’ను మొదట చదవాలా తర్వాతా అని అందరూ అడుగుతారు. మూడో పుస్తకం అయ్యాక, నాలుగోది ‘క్వీన్ ఆఫ్ షాడోస్’కు ముందు చదివితే దెబ్బ గట్టిగా తగులుతుందని నా అనుభవం. ‘టవర్ ఆఫ్ డాన్’లో సెలేనా దాదాపు కనిపించదని దాన్ని వదిలేస్తారు కొందరు. వదలకండి, యిరీన్ కథ అందులోనే ఉంది.

ఇప్పటికే ఈ సెట్టు కొని మోసపోయినవాళ్ళు ఊరుకోకండి. చాట్లు, పేమెంట్ స్క్రీన్‌షాటు, ప్రకటన ఫోటో, పేజీ నంబర్లు తెగినచోట తీసిన ఫోటోలు అన్నీ భద్రం చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. డబ్బు కట్టాక అసలు సరుకే పంపకుండా మాయమైతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు వెంటనే ఫోన్ చేయండి, ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు దొరికే అవకాశం తగ్గుతుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవాడు ఏ ఊరివాడైనా మీరున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోళ్ళకు ఫీజు లేదు. దొంగ అచ్చు వేయడం, తెలిసి అమ్మడం 1957 కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. అక్క 1915లో ఫిర్యాదు పెట్టింది. 1,299కి ఇంత రచ్చ ఎందుకని బావ అన్నాడు. ఇట్లా ప్రతి ఇంట్లో అనుకోబట్టే వాళ్ళు ధైర్యంగా అమ్ముతున్నారు.

మీ దగ్గరున్న సెట్టులో ముందు ‘ఎయిర్ ఆఫ్ ఫైర్’ 208వ పేజీ, తర్వాత ‘ది అసాసిన్స్ బ్లేడ్’ రెండో కథ ముగింపు చూసుకోండి. మిగతా పుస్తకాల్లోనూ పేజీ నంబర్లు వరసగా ఉన్నాయో లేదో పిల్లల చేత సరిచూపించండి. తిరుపతిలో ఉన్న పిల్లలెవరికైనా ఈ రెండు పుస్తకాల్లో పేజీలు పోయి ఉంటే నాకు చెప్పండి, నా కాపీలు ఇస్తా. చదివి వారంలో తెచ్చివ్వండి, మా అక్క కూతురు తర్వాత వరసలో ఉంది.