పశువుల పాక బొమ్మల సెట్టు: అందం బాగుంది, ఆలోచన చాలలేదు

క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలం మొదలవగానే ఇంట్లో యేసు పుట్టుకను చూపే పశువుల పాక కట్టే కతోలిక కుటుంబాలకు, 850 రూపాయల ఈ ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మల సెట్టు మొత్తం మీద నచ్చుతుంది. మరియమాత ముఖంలోని ప్రశాంతతను, ఆమె భర్త జోజప్ప చేతిలోని లాంతరును ఎంతో శ్రద్ధగా తీర్చిదిద్దారు.

అయితే బాలయేసును తొట్టితో కలిపి ఒకే పోతగా పోయడం పెద్ద లోపం. డిసెంబరు 24 రాత్రి చర్చిలో దివ్యబలిపూజ ముగించుకుని వచ్చాక, ఇంట్లో అందరికంటే చిన్నవారి చేత బాలయేసును గడ్డి మీద పడుకోబెట్టించడం మా విచారణలో (మా చర్చి పరిధిలో) చాలా ఇళ్ల వేడుక కాబట్టి, అప్పటిదాకా తొట్టిని కూడా బీరువాలో దాచవలసి వస్తోంది. 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో అస్సీసిపుర పునీత ఫ్రాన్సిస్ నిజమైన ఎద్దునూ గాడిదనూ నిలిపి పశువుల పాక ఆచారానికి ప్రాచుర్యం తెచ్చారు. ఈ సెట్టులో గాడిద లేనే లేదు, దాని చోటును గొర్రెలు ఆక్రమించాయి.

బాలయేసును చూడవచ్చిన జ్ఞానులు ముగ్గురూ విడివిడిగా ఉన్నందున, వారి పేరిట జనవరి మొదట్లో వచ్చే ముగ్గురు రాజుల పండుగ దాకా వారిని గది అవతలి మూల నుండి రోజుకు కొంచెంగా పాక వైపు జరుపుకుంటూ రావచ్చు. పిల్లలకు అసలు సరదా ఇదే. ఒంటె మాత్రం మైనం అద్దితే తప్ప నిలవదు. రెక్క విరిగి వచ్చిన దేవదూతను దుకాణదారు మారుమాట లేకుండా మార్చి ఇచ్చారు.