లూయిస్ హైన్ ఫొటోలు: డౌన్‌లోడ్ ఉచితం, ప్రింట్ మాత్రం దగ్గరుండి వేయించుకోండి

మా బడి గోడకు పెట్టడానికి, వందేళ్ల కిందట అమెరికాలో లూయిస్ హైన్ అనే ఫొటోగ్రాఫర్ తీసిన బాల కార్మికుల ఫొటోలు ఎనిమిది ప్రింట్ వేయించాను. ఫైళ్లు అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లవి, ప్రింట్లు మహబూబ్‌నగర్‌లో వేయించినవి. నేను గద్వాల దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ చెప్తాను. నాలాంటి టీచర్లకు పనికొస్తుందని రెండింటి గురించీ రాస్తున్నాను.

ముందు లైబ్రరీ సంగతి. అక్కడ ఈ ఫొటోలు 5 వేలకు పైగా ఉన్నాయి. పిల్లలతో పని చేయించడం ఆపాలని 1904లో అమెరికాలో జాతీయ బాల కార్మిక కమిటీ ఏర్పడింది. అంతకుముందు న్యూయార్క్‌లో బడిపంతులుగా పనిచేసిన హైన్‌ను ఆ కమిటీ 1908లో ఫొటోలు తీసే పనికి పెట్టుకుంది. కమిటీ దగ్గరున్నవే తర్వాత లైబ్రరీకి చేరాయి. పైసా కట్టకుండా ఎవరైనా దించుకోవచ్చు. ఒక్కో ఫొటో చిన్న సైజు నుంచి పెద్ద టిఫ్ ఫైలు దాకా దొరుకుతుంది. ఆ టిఫ్‌ను పెద్దది చేసి చూస్తే మిషన్ మీది బాబిన్లు (నూలు చుట్టే కండెలు) ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు.

ఫొటోతో పాటు హైన్ రాసిన వివరం కూడా ఉంటుంది. నాకు ఈ మొత్తంలో అన్నిటికన్నా విలువైనది అదే. సౌత్ కరోలినాలోని లాంకస్టర్ నూలు మిల్లులో 1908 నవంబర్ 30న తీసిన ఫొటో ఉంది. పొడుగ్గా పోయే మిషన్ వరస, దాని పక్కన సేడీ అనే పాప. ఎత్తు 48 అంగుళాలు, పనిలో చేరి ఆరు నెలలు అని రాశాడు. మిల్లు యజమానులు ఊరికే లోపలికి రానివ్వరు కదా, బైబిళ్లు అమ్మేవాడినని ఒకచోట, మిషన్ల ఫొటోలు తీసేవాడినని ఇంకోచోట చెప్పి వెళ్లేవాడు. తన కోటు గుండీలు నేల నుంచి ఎంతెంత ఎత్తులో ఉన్నాయో ముందే కొలిచి పెట్టుకున్నాడు. పిల్లను పక్కన నిలబెట్టి, తల ఏ గుండీ దాకా వచ్చిందో చూసి, జేబులోని నోటుబుక్కులో చూడకుండానే రాసుకునేవాడు. ఇదంతా తెలిశాక, ఆ వివరం లేకుండా ఫొటో ఒక్కటే గోడకు పెట్టడం నాకు మనసొప్పలేదు.

ఇక ప్రింట్లు. మొదట వెళ్లిన షాపు పేరు చెప్పను. ఫైళ్లు పంపితే సాయంత్రానికి రెడీ అన్నారు. వెళ్లి చూస్తే సేడీ బుగ్గలు గులాబీ రంగులో, గౌను నీలంగా, ముఖం పెళ్లి ఆల్బంలో లాగా నున్నగా ఉంది. "మేడం, పాత ఫొటో కదా, కలర్ చేసి ముఖం సాఫ్ చేసినం, మంచిగ కొడుతుంది" అన్నాడు ఆ అబ్బాయి. ఎక్స్‌ట్రా డబ్బు కూడా అడగలేదు, పాపం మంచి ఉద్దేశంతోనే చేశాడు. కానీ ముఖం బాగా కనబడాలని దగ్గరికి కట్ చేశాడు, మిషన్ సగానికి పైగా ఎగిరిపోయింది. మిషన్ పోతే ఆ పిల్ల ఎంత చిన్నదో ఎట్లా తెలుస్తుంది? అడ్వాన్సు వదులుకుని ఇంటికొచ్చాను. ఆ రాత్రి చాలా బాధేసింది.

మరుసటి ఆదివారం పెన్ డ్రైవ్ పట్టుకుని గద్వాలలో రైలెక్కి మళ్లీ వెళ్లాను. ఈసారి చిన్న ల్యాబ్, పెద్దాయన ఒక్కరే నడుపుతారు. "రంగు ముట్టుకోను, అంచులు కొయ్యను, సరేనా అమ్మా?" అని ముందే అడిగారు. 12x18లో ఫొటో మొత్తం వచ్చేలా చుట్టూ తెల్ల అంచు వదిలారు. గ్లాసీ వద్దు, క్లాసులో ట్యూబ్‌లైట్ పడితే మెరుస్తుందని మ్యాట్ పేపర్ మీద వేశారు. వెనక సన్‌బోర్డు అంటించి, ఒక్కోటి 180 తీసుకున్నారు. నలుపు నల్లగా వచ్చింది, తెలుపు తెల్లబోకుండా వచ్చింది. నా వైపు నుంచి ఐదుకు ఐదు. కింద వివరాలు నేనే తెలుగులో చేత్తో రాశాను.

గోడ మీద 48 అంగుళాల దగ్గర చాక్‌పీసుతో గీత గీసి పిల్లల్ని నిలబెట్టాను. మా ఆరో తరగతిలో అందరికన్నా పొట్టి పిల్ల కూడా ఆ గీతకు పైనే ఉంది.

ఎనిమిదింటిలో నేను ఎక్కువసేపు చూసేది జార్జియాలోని మేకన్ మిల్లు ఫొటో, 1909 జనవరిది. తెగిన నూలు అతకడానికి, ఖాళీ బాబిన్లు పెట్టడానికి చెయ్యి అందక పిల్లలు మిషన్ మీదికే ఎక్కారు. ఒకడికి కాళ్లకు చెప్పులు కూడా లేవు. మిషన్ పెద్దవాళ్ల ఎత్తుకు చేసింది, పని పిల్లలకు ఇచ్చారు. మా దగ్గర సీడ్ పత్తి, అంటే విత్తనాల కోసం వేసే పత్తి చేలల్లో దీనికి తలకిందులు. మొక్క మా ఎత్తే, పిల్లలైతే నడుము వంచనక్కర్లేదు, వేళ్లు సన్నగా ఉంటాయి అనేవాళ్లు. నేను పదకొండేళ్లకు క్రాసింగ్‌కు, అంటే పత్తి పూలకు చేత్తో పుప్పొడి పట్టించే పనికి పోయాను. సాయంత్రం మొగ్గలు గిల్లి పుప్పొడి తీసేయాలి, పొద్దున్నే మగ పువ్వు తెచ్చి రుద్దాలి. వినాయక చవితి నుంచి దీపావళి దాకా బడి లేదు. గోళ్ల సందుల్లో పచ్చటి మరక సబ్బుతో కూడా పోయేది కాదు. ఆ రోజుల్లో మమ్మల్ని ఎవరూ ఫొటో తీయలేదు. నా ఎత్తు ఎంతో ఎవరూ రాసుకోలేదు.

పిల్లలకు చట్టం సంగతి కూడా చెప్పాను. అమెరికాలో బాల కార్మికుల పని ఆపడానికి 1916లో తెచ్చిన చట్టాన్ని 1918లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. 1938లో వచ్చిందే నిలబడింది. అంటే సేడీ ఫొటో తీసిన ముప్పై ఏళ్లకు.

తీసుకోవాలనుకునేవాళ్లు ఫైలును వాట్సాప్‌లో ఫొటోగా షాపుకు పంపకండి, సైజు తగ్గిపోతుంది. పెన్ డ్రైవ్‌లోనే తీసుకెళ్లండి. "కలర్ వద్దు, కటింగ్ వద్దు, ముఖం సాఫ్ చెయ్యొద్దు" అని కాగితం మీద రాసివ్వండి. వచ్చే నెల జీతం రాగానే పెన్సిల్వేనియా బొగ్గు గనుల పిల్లల ఫొటో, 1911 నాటిది, 20x30లో వేయిస్తున్నాను. దానికి పేపర్ రోల్ తెప్పించాలని పెద్దాయన చెప్పారు, వారం పడుతుందట.