షూర్ ఎస్‌ఎం58 సమీక్ష: స్టూడియో లేని రేడియో మనిషి మైకు

పాడ్‌కాస్ట్ మొదలుపెడదామనుకునే వాళ్లు నన్ను ముందుగా అడిగేది ఏ మైకు కొనాలని. ఏళ్లుగా నా జవాబు ఒక్కటే: షూర్ కంపెనీ వాళ్ల ఎస్‌ఎం58. ఆకాశవాణిలో క్యాజువల్ అనౌన్సర్‌గా చేసి, బయటికొచ్చి సొంతంగా కార్యక్రమాలు చేసుకుంటున్నప్పటి నుంచి నా గొంతూ, నేను కలిసిన మనుషుల గొంతులూ ఎక్కువగా దీనిలోంచే వెళ్లాయి. పెళ్లి పాటకచేరీల్లో, కాలేజీ ఫంక్షన్లలో కనిపించే గుండ్రటి జాలీ తల మైకు ఇదే. 1966 నుంచి తయారవుతోంది. స్టేజీ మైకుతో పాడ్‌కాస్ట్ ఏంటని చాలామంది అంటారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మన పరిస్థితి చెప్పాలి. మన దేశంలో వ్యక్తులకు రేడియో ప్రసారాల లైసెన్సు ఇవ్వరు. కమ్యూనిటీ రేడియో (ఒక ప్రాంతం జనం కోసం నడిచే చిన్న రేడియో) కూడా విద్యాసంస్థలకో, స్వచ్ఛంద సంస్థలకో, కృషి విజ్ఞాన కేంద్రాలకో ఇస్తారు. జహీరాబాద్ దగ్గర మాచునూరులో 2008లో మొదలైన సంఘం రేడియో అలా సంస్థ పేరు మీద వచ్చిందే. సొంతంగా పనిచేసే నిర్మాతకి మిగిలే దారి పాడ్‌కాస్ట్. అంటే స్టేషన్ లేదు, స్టూడియో లేదు, సౌండ్ ఇంజినీరు లేడు. ఉండేది అద్దె ఇంట్లో ఒక గది. నెత్తిన ఫ్యాను, పక్కింట్లో కుక్కర్ విజిల్, వీధిలో పాత సామాన్లు కొనేవాళ్ల కేకలు. ఈ మైకు విలువ తెలిసేది అక్కడే.

స్టూడియోల్లో ఎక్కువగా వాడే కండెన్సర్ రకం మైకు సున్నితమైంది. గోడలకి అకూస్టిక్ పలకలు కొట్టిన స్టూడియోలో దాన్ని మించింది లేదు. మామూలు గదిలో మాత్రం మన మాటతో పాటు గోడకి తగిలి తిరిగొచ్చే మాటనీ, ఫ్యాను హోరునీ కూడా పట్టేస్తుంది. రికార్డింగ్ వినేటప్పుడు అది పెద్దగా తెలియదు. ఎడిటింగ్ అయ్యాక కంప్రెషన్ పెట్టి (అంటే గట్టి, మెల్లటి శబ్దాల మధ్య తేడా తగ్గించి), పాడ్‌కాస్టులకి అడిగే మైనస్ 16 లఫ్స్ (శబ్ద తీవ్రతకి కొలత) స్థాయికి శబ్దం పెంచేసరికి గదిలోని చప్పుడు మొత్తం పైకి లేస్తుంది. మాటకీ మాటకీ మధ్య ఉండాల్సిన నిశ్శబ్దం ఉండదు. ఎస్‌ఎం58 డైనమిక్ మైకు, అంటే అంత సున్నితం కాని రకం. పైగా కార్డియాయిడ్, అంటే ఒక వైపే వినే రకం. ముందు నుంచి వచ్చేదే బాగా వింటుంది. వెనక వైపు దాదాపు చెవుడు. నేను కూర్చునే చోటు చూసుకుని, మైకు తోకని ఫ్రిజ్ వైపో కిటికీ వైపో తిప్పి పెడతాను. నా వెనక గోడకి బొంత వేలాడదీస్తాను. అంతే, అదే నా స్టూడియో.

దూరం విషయంలో మాత్రం ఇది రాజీపడదు. నోటికి బెత్తెడు దూరంలో ఉండాలి. జానెడు దాటితే గొంతు పలచబడిపోతుంది. దగ్గరికొస్తే బేస్ (గొంతులో కింది స్థాయి శబ్దం) పెరుగుతుంది, రేడియో గొంతు అనిపించేది ఆ బేసే. అయితే నోటికి ఎదురుగా పెడితే ప, ఫ, భ పలికినప్పుడల్లా గాలి దబ్బుమని కొడుతుంది. జాలీ లోపల ఫోమ్ ఉంది కానీ మన ఒత్తక్షరాలకి అది చాలదు. మైకుని నోటి మూలకి జరిపి, ఏటవాలుగా పెదవుల వైపు తిప్పితే గాలి పక్క నుంచి పోతుంది, మాట మాత్రం లోపలికి వెళ్తుంది. 'ప్రభుత్వం', 'అభిప్రాయం' లాంటి మాటలు నాలుగైదు చదివి హెడ్‌ఫోన్లో వినండి, సరైన చోటు తెలిసిపోతుంది.

కంపెనీ చెప్పే స్పందన, అంటే ఇది పట్టుకునే శబ్దాల పరిధి, 50 నుంచి 15,000 హెర్ట్జ్. కండెన్సర్‌లో ఉండే మెరుపు ఇందులో ఉండదు. మాటకి ఆ లోటు పెద్దగా తెలియదు, పైగా హల్లులు స్పష్టంగా వినపడే ప్రాంతాన్ని ఇది కాస్త ఎత్తి చూపిస్తుంది. సిటీ బస్సులో చవక ఇయర్‌ఫోన్లతో వినేవాళ్లకి కావాల్సింది ఆ స్పష్టతే. వీణ రికార్డింగ్‌కి మాత్రం దీన్ని తీసుకెళ్లకండి. తీగ మీటాక మిగిలే ఆ సన్నటి నాదం ఇందులో సగం పోతుంది. వాన, సంత, పొలంలో పొద్దుటి పూట చప్పుళ్లు వంటివాటికీ ఇది పనికిరాదు, వాటికి నా దగ్గర చేతి రికార్డర్ ఉంది.

శబ్దం ఎక్కువున్న చోట మాత్రం దీనికి తిరుగులేదు. ఒక ఒగ్గు కథ బృందాన్ని రికార్డు చేసినప్పుడు కథకుడు దీన్ని చేత్తో పట్టుకునే చెప్పాడు. మూరెడు దూరంలో ఒగ్గు డోలు, తాళాలు. డోలు ఎంత గట్టిగా మోగినా ఎక్కడా శబ్దం చిరిగినట్టు లేదు, కథకుడి మాట ఒక్కటి కూడా మునగలేదు. నా పనిలో నేను ఇప్పటికీ పదేపదే వినే రికార్డింగ్ అదే.

ఇంటర్వ్యూల్లో ఒక ఇబ్బంది ఉంది. చేతికిస్తే చాలామంది జాలీనే గుప్పిట పట్టుకుంటారు. అలా మూసేస్తే మైకు స్వభావమే మారిపోతుంది, చుట్టూ ఉన్న రొద లోపలికొస్తుంది, గొంతు ముక్కుతో మాట్లాడినట్టుంటుంది. అందుకని మైకు నా చేతిలోనే ఉంచుకుంటాను. పెద్దవాళ్లయితే, "అమ్మా, మీరు నాతో మాట్లాడండి, దీని సంగతి నేను చూసుకుంటాను" అంటే తేలిక పడతారు.

దీని ప్రధాన లోపం సిగ్నల్ బలహీనంగా ఉండటం. సుమారు 60 డెసిబెల్స్ గెయిన్ కావాలి, అంటే సిగ్నల్‌ని అంత పెంచుకోవాలి. నేను మొదట వాడిన, మైకుని కంప్యూటర్‌కి కలిపే చవక ఇంటర్‌ఫేస్‌లో నాబ్ చివరిదాకా తిప్పితే మాట వెనక 'హుస్స్' అని చప్పుడు వచ్చేది. ఫాంటమ్ పవర్‌తో (మైకు కేబుల్లోంచే వచ్చే కరెంటుతో) నడిచి 25 డెసిబెల్స్ దాకా పెంచే చిన్న బూస్టర్ మధ్యలో పెట్టాక ఆ గొడవ పోయింది. బూస్టర్ ఖర్చు కూడా మైకు బడ్జెట్లోనే కలుపుకోండి. మెల్లగా మాట్లాడే అతిథి ఉన్నప్పుడు ఇది మరీ అవసరం.

గట్టిదనం గురించి ఎంత చెప్పినా తక్కువే. 298 గ్రాముల లోహపు ముద్ద. బండి మీంచి పడింది, గచ్చు మీద పడింది, జాలీకి సొట్ట పడింది, పని ఆగలేదు. జాలీ మరతిప్పి తీసి, ఫోమ్‌తో సహా నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక బిగించుకోవచ్చు. వచ్చిన ప్రతి అతిథి నోటి ముందూ పెట్టే వస్తువు కాబట్టి నేను ఈ పని క్రమం తప్పకుండా చేస్తాను.

డబ్బు లెక్క కూడా చెప్పాలి. నా సొంత పాడ్‌కాస్ట్ నా ఇల్లు గడపదు. ఇల్లు గడిపేది వాయిస్ ఓవర్లు, వేరేవాళ్ల కార్యక్రమాలకి చేసే ఎడిటింగ్, అప్పుడప్పుడూ శిక్షణ తరగతులు. వీటన్నిటికీ ఒకే మైకు సరిపోవడం నాలాంటివాళ్లకి పెద్ద ఊరట. వచ్చిన ఆదాయాన్ని పరికరాల మీద కాకుండా ప్రయాణాల మీద పెట్టగలిగాను, మంచి కథలు ప్రయాణాల్లోనే దొరికాయి.

ధర పది వేలకి అటూఇటూ ఉంటుంది. రెండు మూడు వేలకి ఇస్తామన్నారంటే అది నకిలీ అనుకోవాల్సిందే. ఈ మైకుకి నకిలీలు చాలా ఎక్కువ, అందుకని అధీకృత డీలర్ దగ్గర బిల్లుతో కొనండి. మామూలు మోడల్‌కి స్విచ్ ఉండదు, పాడ్‌కాస్ట్‌కి ఆ మోడలే మంచిది. పెట్టెలో క్లిప్పు, సంచీ వస్తాయి, కేబుల్ రాదు. ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ (మూడు పిన్నుల మైకు కేబుల్) విడిగా కొనుక్కోవాలి. నాది హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో మంచి కనెక్టర్లు వేయించి చేయించుకున్నాను, ఇప్పటికీ అదే వాడుతున్నాను.